విడిపోయిన పద్దెనిమిదేండ్లకు కుదిరిన స్నేహం: ఇంట్లో దీనికి చోటెట్లా?

ప్రశ్న: ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా

నాకు 2002లో పెండ్లయింది. 2006లో ఇద్దరి ఇష్టంతో కోర్టు ద్వారా విడాకులు తీసుకొన్నాము. 2008లో నాకు మళ్ళీ పెండ్లయింది. కొడుకు ఇప్పుడు పదో తరగతి, బిడ్డ ఏడో తరగతి చదువుతున్నారు. నా మొదటి భర్తకు కూడా పెండ్లయి ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఆయన కూడా ఉపాధ్యాయుడే. విడిపోయిన తరువాత పదహారేండ్లు మేము ఒకరి ముఖం ఒకరం చూడలేదు. ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచుతూ 2021 చివర్లో వచ్చిన 317 జీవో ఎందరి బతుకులనో అటూ ఇటూ చేసింది కదా, అందులో ఆయన సూర్యాపేట జిల్లా నుండి నల్లగొండ జిల్లాకు, చివరికి నేను పని చేస్తున్న మండలానికే వచ్చారు. అప్పటి నుండి చుట్టుపక్కల బడుల టీచర్లందరూ కలిసే కాంప్లెక్స్ సమావేశం జరిగిన ప్రతిసారీ ఒకే గదిలో కూర్చోవలసి వచ్చింది. మొదటి ఏడాదంతా నమస్కారం కూడా లేదు.

మేము ఎందుకు విడిపోయామో చెప్పకపోతే నా ప్రశ్న మీకు అర్థం కాదు. 2004లో నాకు ఎనిమిదో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉండి పోయింది. ఆయన వాళ్ళ ఊరు దేవరకొండ వైపు. అక్కడి చెలకలో, గట్టు పక్కన పూడ్చిపెట్టారు. నేను బాలింతనని నన్ను అక్కడికి పోనియ్యలేదు. నిండు నెలల మనిషి రోజూ బస్సులో బడికి పోవడం వల్లనే ఇట్లయిందని మా అత్తమ్మ నలుగురిలో అన్నది. ఆయన తల వంచుకొని నిలబడ్డారు తప్ప ఒక్క మాట అనలేదు. నెల తిరగకముందే, ఆయన పొలానికి పోయిన సమయం చూసి, నేను చెప్పకుండా పుట్టింటికి వచ్చేశాను. తరువాత ఆయన రాసిన ఉత్తరాలను విప్పకుండానే తిప్పి పంపాను. కొట్టుకోవడం, తిట్టుకోవడం, కట్నం గొడవ వంటివి మా మధ్య ఏమీ లేవు. ఒక దుఃఖాన్ని ఇద్దరం కలిసి మోయలేకపోయాము, అంతే.

పోయిన ఏడాది ఒక సమావేశం ముగిశాక ఆయన నా దగ్గరికి వచ్చి, ఆ చెలక డిండి ఎత్తిపోతల పథకంలోని ఒక జలాశయం కింద మునకకు పోతున్నదని, ఆ సంగతి నాకు చెప్పవలసిన బాధ్యత తనకున్నదని అన్నారు. పాపను పెట్టిన చోట తాను ఒక సీతాఫలం చెట్టు నాటానని, అది ఇప్పుడు కాయలు కాస్తున్నదని కూడా అప్పుడే చెప్పారు. ఆ రోజు అమ్మ అట్లా అంటుంటే నోరు మెదపకపోవడం తన జీవితంలో చేసిన అన్నింటికన్నా పెద్ద తప్పని, దానికి క్షమాపణ అడిగే ధైర్యం రావడానికి ఇన్నేండ్లు పట్టిందని అన్నారు. ఉత్తరాలు తిప్పి పంపినందుకు నేను కూడా క్షమించమని అడిగాను. ఆ పాపను కండ్లతో చూసి, పేరు పెట్టకపోయినా గుర్తుంచుకొన్న మనుషులు ఈ భూమి మీద ఇప్పుడు మేమిద్దరమే మిగిలాము. అత్తమ్మ పోయింది, మా నాన్న పోయారు.

అప్పటి నుండి నెలకో రెండు నెలలకో ఒకసారి మాట్లాడుకొంటున్నాము. పిల్లల చదువులు, బడి పనులు, ఆరోగ్యాలు, ఇవే మాటలు. ఆయన భార్య కూడా నాతో ఫోన్‌లో మాట్లాడుతుంది, నన్ను అక్కా అని పిలుస్తుంది. మన భాషలో మారుతల్లికి, సవతి చెల్లెలికి, మారుమనువుకు మాటలున్నాయి కాని, మొదటి భర్త భార్యను ఏ వరసతో పిలవాలో చెప్పే మాట లేదు. ఆమె పెద్ద మనసుతో ఒక వరసను కలుపుకొన్నది.

మా ఆయనకు నా మొదటి పెండ్లి సంగతి మొదటి నుండి తెలుసు. ఈ మాటలు మొదలైన రెండు నెలలకు చెప్పాను. కోపగించలేదు. "ఇప్పుడు నీకు ఆయనతో పనేముంది?" అని మాత్రం అడిగారు. నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మాకు పెంచవలసిన బిడ్డ ఉండి ఉంటే ఆ బిడ్డ కోసమని చెప్పేదాన్ని. మా అమ్మయితే నాతో మాటలే మానేసింది. అన్నింటికన్నా కష్టమైనదేమిటంటే, నాకు అంతకుముందు పెండ్లయిందన్న సంగతి నా పిల్లలిద్దరికీ తెలియదు. చిన్నప్పుడు చెప్పవద్దని పెద్దలన్నారు, తరువాత చెప్పే సందర్భం రాలేదు.

ఇట్లాంటి స్నేహాన్ని రెండు ఇండ్లలో ఎవరి మనసూ నొప్పించకుండా నిలుపుకొన్నవారు ఎవరైనా ఉన్నారా? ముందు ఎవరికి ఏమి చెప్పాలి? ఆ భూమి నీళ్ళలో మునిగేలోపు ఒక్కసారి అక్కడికి పోవాలని ఉన్నది. పోవచ్చునా?

జవాబు: వ్యాపారి, జడ్చర్ల

చెల్లెమ్మా, నేను మీ భర్త స్థానంలో ఉన్నవాడిని కనుక ఆ వైపు నుండి చెప్తాను. నా భార్యకు కూడా నాకన్నా ముందు పెండ్లయి విడాకులయ్యాయి. ఆరేండ్ల కిందట ఆమె మొదటి భర్త తండ్రికి పక్షవాతం వచ్చినప్పుడు చూసి వస్తానన్నది. ఆ మామగారు ఆమెను కన్నబిడ్డలాగ చూసుకొన్నాడని నాకు అంతకుముందే తెలుసు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మగవాడికి ఇటువంటి సమయంలో కలిగేది అనుమానమని అందరూ అనుకొంటారు. నాకు కలిగింది అనుమానం కాదు, ఆమె జీవితంలో నేను అడుగు పెట్టని ఒక గది ఉన్నదని, ఆ గది తాళం వేరొకరి దగ్గర ఉన్నదని బాధ కలిగింది.

మీ భర్త అడిగిన ప్రశ్నను మరొక్కసారి చదవండి. "పనేముంది" అని అడిగిన మనిషి మీ నుండి లెక్క కోరడం లేదు. మీరు ఇక్కడ, ముక్కూ మొహం తెలియని మా అందరికీ చెప్పిన ఆ తొమ్మిది రోజుల సంగతిని ఆయనకు ఇంత వివరంగా ఎన్నడైనా చెప్పారా? పెండ్లయిందని, విడాకులయ్యాయని తెలిసి ఉంటుంది. బిడ్డ పోయిన సంగతి కూడా ఒక్క మాటలో తెలిసి ఉండవచ్చు. అద్దాల పెట్టె ముందు మీరు ఎట్లా నిలబడ్డారో, చెలకకు పోనియ్యకపోతే ఎంత ఏడ్చారో ఆయనకు తెలియదనే నాకనిపిస్తున్నది. ఆ దుఃఖం మీ ఇద్దరికే చెందినదని రాశారు. కాదనను, కాని మీ భర్తకు అందులో వినేవాడి భాగమైనా ఇవ్వండి.

మా ఇంట్లో ఏమి చేశామంటే, వాళ్ళ ఇంటి నుండి ఫోన్ వచ్చినా, మేము చేసినా, పక్కన నేనున్నప్పుడే, నడింట్లో కూర్చొని మాట్లాడటం అలవాటు చేసుకొన్నాము. ఆ నియమం నేను పెట్టింది కాదు, నా భార్యే పెట్టుకొన్నది. రెండో ఏడాదికి ఆమె మొదటి భర్త నంబరు నా ఫోన్‌లోనూ ఉన్నది. నాకు గుండెలో స్టెంట్ వేసినప్పుడు రక్తం ఇచ్చేవారిని వెతికి పంపింది ఆయనే. మీ ఆయన, ఆ సారు నేరుగా మాట్లాడుకొనే రోజు వస్తే మీ భారం సగం దిగుతుంది. కాంప్లెక్స్ సమావేశాల వంటి బయటి చోట్ల కాకుండా మీ ఇంట్లో, మీ ఆయన పిలుపు మీద, ఆ భార్యాభర్తలు ఒకపూట భోజనానికి వచ్చేటట్లు చూడండి. పిలిచేవాడు ఆయన కావాలి. అది ముఖ్యం.

జవాబు: గృహిణి, మిర్యాలగూడ

మేడమ్ గారూ, నేను కొంచెం వేరుగా చెప్పవలసి వస్తున్నది, అన్యథా భావించకండి. నేను కూడా ఇట్లాంటి స్నేహానికి ఒప్పుకొని, ఏడాదిన్నర నడిపి, మానుకొన్నాను. నాతో విడిపోయిన ఆయన చేసిన తప్పులు చిన్నవి కావు, వాటిని ఇక్కడ రాయను. పెద్దమనిషిలా వచ్చి క్షమించమన్నాడు, క్షమించాను. ఆ తరువాత ఆయన ప్రతి ఫోన్‌లోనూ తాను ఎంత మారిపోయాడో చెప్పుకొనేవాడు, నేను ఔనౌనని వినేదాన్ని. కొన్నాళ్ళకు నాకు అర్థమయిందేమిటంటే, ఆయన మనసు తేలిక కావడానికి నేను కావలసి వచ్చాను కాని, నా మనసు ఎట్లా ఉన్నదో అడగవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలగలేదు. మీ విషయంలో అట్లా లేదనిపిస్తున్నది. ఆయన ఏ మాటకు క్షమాపణ అడుగుతున్నారో పేరు పెట్టి చెప్పారు, మీ తప్పును మీరూ చెప్పారు. మొత్తానికి ఏదో జరిగిపోయిందిలే, క్షమించు అనేదానికీ, ఫలానా రోజు ఫలానా మాటకు నేను తలవంచుకొని నిలబడ్డాననేదానికీ చాలా తేడా ఉన్నది.

నా ఆందోళనంతా ఆయన భార్య గురించి. అక్కా అని పిలిచినంత మాత్రాన ఆమెకు కష్టం లేదని అనుకోవద్దు. మన ఇండ్లలో ఆడవాళ్ళకు మర్యాదగా ఒప్పుకోవడం బాగా నేర్పించి పంపుతారు. మా విషయంలో ఆయన భార్య నాతో ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడింది. తరువాత వాళ్ళ చెల్లెలు చెప్తే తెలిసింది, నా ఫోన్ వచ్చిన రోజు ఆమె అన్నం తినేది కాదట. ఆ మాట విన్న రోజే నేను ఆపేశాను. అందుకని మీరు ఆమెతో విడిగా, ఆయన లేనప్పుడు, ఒకసారి మాట్లాడండి. నీకు ఇష్టం లేకపోతే నేను ఒక్క మాట కూడా తప్పుపట్టకుండా దూరమవుతానని చెప్పండి. అట్లా చెప్పిన తరువాత కూడా ఆమె రమ్మంటే నిశ్చింతగా పొండి. ఆ చెట్టుకు ఇన్నేండ్లు నీళ్ళు పోసింది ఎవరో కూడా అడగండి. ఆయన బడికి పోయే మనిషి కదా.

జవాబు: న్యాయవాది, నల్లగొండ

అమ్మా, మనసుకు సంబంధించిన సంగతులు పైవారు నాకన్నా బాగా చెప్పారు. మీరు రాయకపోయినా మీ రెండు కుటుంబాల బంధువులలో ఈపాటికే పుట్టి ఉండగల పుకార్ల గురించి మాత్రం నేను చెప్తాను, ఎందుకంటే ఇటువంటి స్నేహాలు చాలావరకు ఆ పుకార్ల దగ్గరే విరుగుతాయి.

మొదటిది, మాటలు కలిస్తే విడాకులు చెల్లవేమోననే భయం. హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన 13-బి సెక్షన్ కింద ఇద్దరి సమ్మతితో డిక్రీ వచ్చిందంటే ఆ వివాహం అక్కడితో రద్దయినట్లే. ఆ తరువాత మీరు మాట్లాడుకొన్నా, ఒకరి ఇంటికి ఒకరు పోయినా ఆ డిక్రీకి ఏమీ కాదు, మీ ఇద్దరి రెండో వివాహాలకూ ఏమీ కాదు. రెండోది ఆస్తి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం విధవకు వారసత్వం ఉన్నది కాని విడాకులు పొందిన భార్యకు లేదు. కనుక ఆయన ఆడపిల్లల వాటాకు మీ వల్ల గవ్వంత కూడా తగ్గదు.

మూడోది అసలైనది. భూమికి పరిహారం వచ్చే సమయంలోనే మీరు మళ్ళీ కనబడ్డారు, కాబట్టి డబ్బు కోసమే వచ్చిందని ఎవరో ఒకరు అంటారు. 2013 నాటి భూసేకరణ చట్టంలో విడాకులు పొందిన స్త్రీలను వేరే కుటుంబంగా లెక్కించాలనే మాట ఒకటి ఉన్నది. గ్రామాలలో దాన్ని సగం విని, సగం కల్పించి చెప్పుకోవడం నేను చూశాను. ఆ మాట భూసేకరణ వల్ల ఇల్లో, భూమో, బతుకుదెరువో పోతున్న స్త్రీలను ఉద్దేశించింది. పద్దెనిమిదేండ్ల కిందటే తెగతెంపులై, వేరే చోట సంసారం చేసుకొంటున్న మీకు అది వర్తించదు. మీకు ఆ భూమిపై ఏ హక్కూ లేదని, కోరుకోవడమూ లేదని ఆయన అన్నదమ్ముల సమక్షంలో మీ నోటితోనే ఒకసారి చెప్పడం మంచిది. కాగితం రాయవలసిన అవసరం లేదు, మాట చాలు. ఆ చోటికి పోవాలనుకొంటే మాత్రం ఆలస్యం చేయకండి. స్వాధీనం పూర్తయి కట్ట పని మొదలైతే దారే ఉండదు.

జవాబు: యువకుడు, నాగర్‌కర్నూల్

టీచర్ గారూ, నేను మీ కొడుకు స్థానంలో ఉన్నవాడిని. మా నాన్నకు మా అమ్మకన్నా ముందు ఒక పెండ్లి జరిగిందని నాకు పంతొమ్మిదేండ్ల వయసులో, కురుమూర్తి జాతరలో తెలిసింది. మా దూరపు చుట్టమొకాయన, నాకు తెలుసుననుకొని, "మీ పెద్దమ్మ కూడా వచ్చింది, కనబడిందా?" అని అడిగాడు. మా పెద్దనాన్నలెవరూ లేరు, పెద్దమ్మ ఎవరని నేను అడిగితే ఆయన ముఖం మారిపోయింది.

నాకు బాధ కలిగింది పెండ్లి జరిగినందుకు కాదు. అంతమంది జనంలో, తేరు బజారులో మిఠాయి అమ్ముకొనే అతనికి కూడా తెలిసిన సంగతి నాకు తెలియకపోవడం తల కొట్టేసినట్లయింది. ఇంటికి వచ్చి పాత ఫొటోలన్నీ మళ్ళీ చూశాను, ఇంకా ఏమేమి దాచారో అని. రెండేండ్లు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన నాతో కూర్చొని మొదటి నుండి చివరి దాకా చెప్పిన రోజున కోపం దాదాపు పోయింది. ఆమె ఇప్పుడు మా ఇంటికి వస్తుంది, నేను పెద్దమ్మా అనే పిలుస్తాను.

మీ బాబు పదో తరగతిలో ఉన్నాడు కదా. పరీక్షల సంవత్సరమని ఆగుతారేమో, ఆగవద్దు. మీరూ ఆ సారూ ఒకే మండలంలో పని చేస్తున్నారు, పక్క బడిలో ఏ టీచరో తన పిల్లలతో అంటే, అది మీ బాబు చెవికి చేరడానికి ఒక్క రోజు చాలు. చెప్పేటప్పుడు మీ భర్త పక్కన ఉండాలి. నాన్నకు మొదటి నుండి తెలుసు అన్న ఒక్క మాట వాడికి సగం ధైర్యాన్ని ఇస్తుంది. ఎందుకు విడిపోయారని అడిగితే ఎవరి మీదా నింద వేయకండి, జరిగింది జరిగినట్లు చెప్పండి. వాడు లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. నేనైతే ఆ రోజు మా చేను దాకా నడిచి వచ్చాను. చిన్నపాపకు ఎప్పుడు, ఎట్లా చెప్పాలో నాకు తెలియదు, నాకు చెల్లెండ్లు లేరు.

జవాబు: ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు

ఇన్ని వారాలు ఏమీ రాయనందుకు క్షమించండి. మీరు రాసినవన్నీ ఒకటికి రెండుసార్లు చదివాను.

జడ్చర్ల అన్నగారు అడిగిన ప్రశ్నే నన్ను కదిలించింది. నేను నిజంగానే మా ఆయనకు ఆ తొమ్మిది రోజులు ఎన్నడూ చెప్పలేదు. ఒక ఆదివారం పిల్లలు ట్యూషన్‌కు పోయినప్పుడు మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, కొడుకు పుట్టినప్పుడు వాడిని ఇంటికి తెచ్చిన పదో రోజు నేను తెల్లవార్లూ దీపం ఆర్పకుండా కూర్చొన్నానని, ఎందుకో ఆ రోజు అర్థం కాలేదని, ఇప్పుడు అర్థమయిందని అన్నారు. ఆ రాత్రి సంగతి నాకే గుర్తు లేదు.

మిర్యాలగూడ చెల్లె చెప్పినట్లు ఆయన భార్యతో విడిగా మాట్లాడాను. మొదట్లో కష్టంగానే ఉండేదని ఆమె దాచుకోకుండా చెప్పింది. పెండ్లయిన కొత్తలో ఆ చెట్టు సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదట. ఎండాకాలం బిందెతో నీళ్ళు మోసి పోసింది కూడా ఆమేనట, చేనులో నీడ ఉంటుందని మాత్రమే అనుకొని. తెలిసిన తరువాత ఒక ఏడాది పోయలేక మానేసి, మళ్ళీ తానే మొదలుపెట్టిందట. మీరు రండక్కా, ఒక్కసారి చూడండి, లేకపోతే నాకు కూడా మనసు నిలవదు అన్నది. న్యాయవాది గారు చెప్పిన మాటను ఆయన తమ్ముళ్ళిద్దరి ముందు, మా ఆయన సమక్షంలో నేనే చెప్పాను. చిన్న తమ్ముడు తల దించుకొన్నాడు, ఆ అనుమానం వచ్చింది అతనికేనని అప్పుడు తెలిసింది.

పెత్తర అమావాస్య ఈసారి అక్టోబర్ 2న, సెలవు రోజున వచ్చింది. ఆయన భార్య ఆ ఉదయం పెద్దలకు బియ్యం ఇప్పించి, మా నలుగురికీ వంట చేసింది. మా ఆయన వాళ్ళ ఇంట్లో భోంచేశారు. చెలకకు నలుగురమూ నడిచి పోయాము. చెట్టు నేను అనుకొన్నదానికన్నా చిన్నదే, కాయలు ఇంకా కండ్లు తెరవలేదు. మగవాళ్ళిద్దరూ గట్టు మీద దూరంగా కూర్చొని ఏదో మాట్లాడుకొన్నారు, ఏమిటని నేను అడగలేదు. పిడికెడు మట్టి తెచ్చుకొన్నాను. గింజలు పండ్లు పండిన తరువాత పంపుతానని ఆమె అన్నది.

ఆ యువకుడు చెప్పినట్లే, పరీక్షల దాకా ఆగకుండా, దసరా సెలవులలోనే కొడుకుకు చెప్పాము, ఇద్దరమూ పక్కపక్కన కూర్చొని. వాడు లేచి పోలేదు. చాలాసేపు తలుపు వైపు చూసి, "అయితే నాకు ఒక అక్క ఉండేదన్నట్టు," అన్నాడు. పేరేమిటని అడిగాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసి పెట్టాలనుకొన్నామని, అందాకా ఆమె ఉండలేదని చెప్పాను. ఏమి పెట్టాలనుకొన్నారని మళ్ళీ అడిగాడు. అది నాకు జ్ఞాపకం రాలేదు. ఆయనకు ఫోన్ చేసి అడగమని మా ఆయనే అన్నారు.

పాపకు ఇంకా చెప్పలేదు. మా అమ్మ ఇంకా మాట్లాడటం లేదు. వచ్చే నెల మా ఇంటికి వాళ్ళు నలుగురూ భోజనానికి వస్తున్నారు, మా ఆయన పిలిచారు.